రాకుమారుడు, జీలుగు చెట్టు

ఇక్కడ రాసి చాన్నాళ్ళయింది. ఏమైపోయావని అడిగిన మిత్రులకు చెప్పుకోదగ్గ కారణమేదీ నా దగ్గర లేదు, బద్ధకమొక్కటే. ఆ బద్ధకాన్ని ఈ వేసవిలో మా మేనల్లుడు వదలగొట్టాడు. పుస్తకాల గురించీ, పద్యాల గురించీ రాసుకునే చోట వీడియో గేముల ప్రసక్తి ఏమిటని కొందరు నొసలు చిట్లించవచ్చు. కాస్త ఓపిక పట్టి చివరిదాకా చదివి, అప్పుడు చిట్లించండి. కాదనను.

వాడు విశాఖపట్నంలో ఇంజనీరింగు చదువుతున్నాడు. సెలవులకు మా ఊరు కొయ్యూరు వచ్చాడు. తెలియనివారికోసం ఒక మాట: నర్సీపట్నం నుంచి కృష్ణదేవిపేట మీదుగా కొండల్లోకి పోతే తగిలే ఏజెన్సీ మండలం మాది. ఒకప్పుడు రెండూ విశాఖ జిల్లాలోవే. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాక నర్సీపట్నం అనకాపల్లి జిల్లాకు పోయింది, మేము అల్లూరి సీతారామరాజు జిల్లాకు వచ్చాం. బజారు మాత్రం ఇప్పటికీ మాకు నర్సీపట్నమే.

సరే, మేనల్లుడి సంగతి. వచ్చిన దగ్గర్నుంచీ లాప్‌టాప్ ముందు కూర్చుని 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా: ది లాస్ట్ క్రౌన్' అనే ఆట ఆడుతున్నాడు. 2024 జనవరిలో వచ్చిన ఆట అది. గోడలెక్కడం, గాలిలో మలుపులు తిరగడం, ముళ్ళగుంటలు దాటడం. మధ్యలో తలెత్తి అడిగాడు: "మావయ్యా, అందరూ 2003లో వచ్చిందే అసలైన ఆట అంటారు. నువ్వు ఆడావట కదా. నిజమేనా?"

"ఆడాను. దాని గురించి చాలా అభిప్రాయాలు విన్నాను, నేనూ కొన్ని చెప్పాను. అన్నిటిలోకీ పనికొచ్చింది మాత్రం నాది కాదు" అన్నాను. ఎవరిదని వాడు అడగలేదు, మళ్ళీ ఆటలో పడ్డాడు. అడగని ఆ ప్రశ్నకు జవాబే ఈ టపా.

ఈ ఆటతో నా మొదటి పరిచయం 1998లో, నర్సీపట్నంలోని ఒక కంప్యూటరు శిక్షణ కేంద్రంలో. వేసవి సెలవుల్లో ఏదో నేర్పిస్తారని మా నాన్న చేర్పించారు. నేర్పించిన దానిలో ఏదీ మిగలలేదు గాని, మాష్టారు బయటికి వెళ్ళినప్పుడల్లా నల్లని తెర మీద పరుగెత్తే తెల్లబట్టల మనిషి మాత్రం మిగిలాడు. అది జోర్డన్ మెక్నర్ అనే అమెరికా యువకుడు దాదాపు ఒంటరిగా తయారుచేసి 1989లో విడుదల చేసిన తొలి 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా'. కోటలో బందీగా ఉన్న రాకుమారిని విడిపించాలి. అందుకు అరవై నిమిషాలే గడువు. గడియారం ఆగదు. రెండంతస్తుల ఎత్తునుంచి పడితే ప్రాణంలో ఒక వంతు పోతుంది, మూడంతస్తులనుంచి పడితే మొత్తం పోతుంది.

ఆ బొమ్మ అంత సహజంగా ఎలా పరుగెత్తుతోందో అప్పట్లో మాకు అంతుబట్టలేదు. తరువాత ఎప్పుడో చదివాను. మెక్నర్ తన తమ్ముడు డేవిడ్‌కు తెల్లబట్టలు తొడిగి, పరుగెత్తించి, దూకించి, వేలాడించి, అదంతా వీడియో తీసి, ఒక్కొక్క చిత్రాన్నీ చూసి గీశాడట. అంటే ఆ ఆటలో నిజంగా దూకినవాడు ఒక తమ్ముడు. అన్న చూస్తూ గీశాడు. అది చదివిన రోజున, ఆ బొమ్మ ముళ్ళమీద పడ్డప్పుడల్లా నాకు కడుపులో ఎందుకు తిప్పినట్టుండేదో తెలిసినట్టనిపించింది. పడుతున్నది గీత కాదు, మనిషి బరువు.

ఇక 2003 నవంబరులో ఉబిసాఫ్ట్ వారి మాంట్రియల్ బృందం 'ది సాండ్స్ ఆఫ్ టైమ్' తెచ్చింది. కథ మళ్ళీ మెక్నర్‌దే. మాకది 2004లో దొరికింది. నేనూ, నా మిత్రుడొకడూ నర్సీపట్నంలో డిగ్రీ చదువుతూ ఒకే గదిలో ఉండేవాళ్ళం. మా బావ విశాఖలో ఎం.సి.ఏ. చదువుతూ శనాదివారాలు వచ్చేవాడు. ఆ ఆట మామూలు కంప్యూటర్లలో నడిచేది కాదు. మంచి గ్రాఫిక్స్ కార్డు ఉండాలి. బస్టాండు దగ్గర నెట్ సెంటరాయన ఎందుకో ఒకే ఒక్క యంత్రానికి ఆ కార్డు వేయించాడు. గంటకు పదిహేను రూపాయలు. ముగ్గురం ఒకే కుర్చీ చుట్టూ. ఒకరు ఆడితే ఇద్దరు తప్పులు పట్టడం.

ఆ ఆట మొదలయ్యేది పర్షియాలో కాదు, భారతదేశంలో. పర్షియా రాజు సైన్యంతో వచ్చి ఒక మహారాజు కోటను కొల్లగొడతాడు. మనం ఆడించే రాకుమారుడు ఆ రాజుగారి కొడుకు. తండ్రి మెప్పు కోసం ముందుగా లోపలికి దూరి ఒక మాయ కటారి దొంగిలిస్తాడు. మహారాజు కూతురు ఫరాను బందీగా పట్టుకుపోతారు. "ఇదేం ఖర్మరా, డబ్బులిచ్చి మరీ మన కోటను మనమే దోస్తున్నాం" అన్నాడు బావ మొదటి రోజే. మేము నవ్వాం గాని, మాట సూటిగా తగిలింది.

కథ ముందుకెళ్ళేకొద్దీ ఆ దొంగకు బుద్ధి వస్తుంది. మంత్రి మాట నమ్మి ఇసుక గడియారాన్ని తెరుస్తాడు. కోటలో అందరూ ఇసుక భూతాలైపోతారు, కన్నతండ్రితో సహా. మిగిలేది రాకుమారుడు, ఫరా, ఆ మంత్రి. ఫరా తన చిన్ననాడు తల్లి నేర్పిన రహస్యమైన మాట ఒకటి అతనికి చెబుతుంది. ఆ మాట చెవిన పడగానే నేను కుర్చీలోంచి లేచాను. అది అచ్చంగా మన పంచతంత్రంలోని మూడో తంత్రం 'కాకోలూకీయం' పేరులాగే వినిపించింది. కాకులకూ గుడ్లగూబలకూ మధ్య వైరం కథ. పంచతంత్రం ఆరో శతాబ్దంలో ఖుస్రో చక్రవర్తి కాలంలో పర్షియాకు వెళ్ళి, పహ్లవీలోకి తర్జుమా అయి, అక్కడినుంచి ప్రపంచమంతా తిరిగిందన్నది మనకు తెలిసిన చరిత్రే. ఆటలో పర్షియావాడు మన కోటనుంచి కటారి దోచుకుపోయాడు. నిజంగా మననుంచి అటు వెళ్ళినది కథల పుస్తకం. బావకు ఇది చెబితే "నీకు ఎక్కడికెళ్ళినా చిన్నయసూరే కనపడతాడు" అని ఎగతాళి చేశాడు. ఈ మాటకు మీలో కొందరైనా నా పక్షం వహిస్తారని నమ్మకం.

ఇక అసలు తగవు. ఆ కటారిలో ఇసుక ఉంటుంది. రాకుమారుడు గోడమీదనుంచి జారిపడినా, కత్తిపోటుకు కూలినా, మీట నొక్కితే కాలం కొన్ని క్షణాలు వెనక్కి నడుస్తుంది. పడినవాడు గాలిలో పైకి తేలి, జారిన అంచుమీద మళ్ళీ నిలబడతాడు. ఇసుక అనంతం కాదు. శత్రువులను గెలిచి నింపుకోవాలి. ఆటగాళ్ళలో ఎక్కువమంది మెచ్చుకున్నది దీన్నే. తప్పు చేస్తే ముప్పావుగంట వెనక్కి పోనవసరం లేదు. తెగించి దూకవచ్చు. తిట్టినవాళ్ళు ఎక్కువగా తిట్టింది పోరాటాలను. ఒకే రకం భూతాలు గుంపులుగా వచ్చి ఒకే రకంగా చస్తాయనీ, ఇరుకు చోట్లలో కెమెరా ఎటు తిరుగుతుందో తెలియదనీ. ఇవన్నీ మేమూ అనుకున్నవే.

బావ మాత్రం ఇసుకనే తప్పుపట్టాడు. "పాత ఆటలో మూడంతస్తులనుంచి పడితే చచ్చావు, అంతే. అందుకే దూకేముందు ఒళ్ళు జలదరించేది. ఇప్పుడు భయమెక్కడిది? భయం లేనప్పుడు దూకడానికి విలువెక్కడిది? ఇది దొంగాట" అనేవాడు. ఇసుకకూ లెక్క ఉంది గదా, అది అయిపోతే చావే గదా అని నేను వాదించేవాణ్ణి. మా వాదనలకు నెట్ సెంటరాయన విసుక్కుని, ఆడేవాడొక్కడే లోపలుండాలని ఒక వారం ఆంక్ష పెట్టాడు.

మా ఇద్దరికీ మధ్య కూర్చునేవాడు ఆ మిత్రుడు. వాడి పేరు రాయను. రాయడం వాడికి ఇష్టముండదు. కొయ్యూరుకు ఎగువన కొండమీది గూడెం వాళ్ళది. వాళ్ళ నాన్న జీలుగు చెట్లెక్కి కల్లు తీసేవాడు. మైదానంలోని తాటిచెట్టూ ఈతచెట్టూ ఎరిగినవారికి జీలుగు తెలియకపోవచ్చు. నున్నటి బోదెతో నిటారుగా, ఎత్తుగా పెరుగుతుంది. కొమ్మల మొదళ్ళు జానెడు వదిలి కొట్టిన పొడుగాటి వెదుర్లు చెట్టుకు కట్టి, ఆ కణుపుల మీద అడుగులేస్తూ ఎక్కుతారు. వాడూ చిన్నప్పటినుంచీ ఎక్కినవాడే.

మొదటి రోజు రాకుమారుడి విన్యాసాలు పావుగంట చూసి వాడు చెప్పిన అభిప్రాయం ఇది: "ఈడు సెట్టెక్కినోడు కాదురా."

ఎందుకన్నాం. "సేతుల్తో ఎక్కుతన్నాడు. ఎక్కేది కాళ్ళతో. సేతులు పట్టుకోడానికే. ఇంకోటి, పట్టుకునే ముందు ఊపి సూడట్లేదు. పుచ్చిందో లేదో సూడకుండా ఎవుడైనా బరువేస్తాడా?" అన్నాడు. ఎక్కడం గొప్ప కాదనీ, నిండిన సొరకాయ బుర్ర భుజాన వేసుకుని దిగడమే పనితనమనీ కూడా చెప్పాడు. ఆనాటినుంచి ఆ ఆట గురించి నేను చదివిన పొగడ్తలన్నీ, ఎంత పెద్ద పత్రికవైనా సరే, వాడి పరీక్షకు పెట్టి చూసుకోవడం నాకు అలవాటైంది.

తమాషా ఏమిటంటే ముగ్గురిలో బాగా ఆడేవాడు వాడే. మేము గోడను చూస్తే వాడు గోడలోని పట్టును చూసేవాడు. ఎక్కడినుంచి ఎక్కడికి పోవాలో తెర మీద వేలితో ముందే గీసేవాడు. కటారి నిండా ఇసుక ఉన్నా వాడేవాడు కాదు. పడితే, గట్టిగా ఊపిరి వదిలి, మళ్ళీ మొదటినుంచి ఆడేవాడు. "పడకుండా ఎక్కడం రానోడికి ఇసక" అనేవాడు. బావకు అంతకన్న ఏం కావాలి? వాడి భుజం తట్టి నన్ను వెక్కిరించేవాడు. నేను ఏకాకినైపోయాను.

ఆ ఆటలో మరొక చమత్కారం ఉంది. కథంతా రాకుమారుడు ఎవరికో చెబుతున్నట్టు నడుస్తుంది. మనం ఇసుక లేక చచ్చిపోతే, ఆ కథకుడు తడబడి, లేదు, అలా జరగలేదు, మళ్ళీ చెబుతానన్నట్టు సర్దుకుంటాడు. ఇది మాకు బాగా తెలిసిన పద్ధతి. కొయ్యూరులో పుట్టినవాడెవడైనా ఆ సర్దుకోవడం వింటూనే పెరుగుతాడు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడి ఆయుధాలు పట్టుకుపోయిన అల్లూరి సీతారామరాజును, 1924 మే 7న మంప దగ్గర పట్టుకుని మా కొయ్యూరుకు తెచ్చి కాల్చి చంపారు. అది చరిత్ర. మా చిన్నప్పుడు అరుగుల మీద ముసలివాళ్ళు చెప్పుకునేది వేరు. ఆ పొద్దున ఆయన చెరువు దగ్గర ఆగకుండా ఉంటే, అని ఒకరు. కాదు, అలా కాదు, అసలు దొరికింది ఆయన కాదు, అని మరొకరు. ప్రతివాడూ కథను కొద్దిగా వెనక్కి తిప్పి ఆయన్ను బతికించుకునేవాడు. తెల్లారి చూస్తే సమాధి కృష్ణదేవిపేటలో అలాగే ఉండేది.

2005లో, మాఘమాసపు చలి ఇంకా వదలని రోజుల్లో, నా మిత్రుడి నాన్న చెట్టుమీదనుంచి పడ్డాడు. వెదురు కణుపు ఒకటి లోపల పుచ్చి ఉందట. ముప్పయ్యేళ్ళుగా ఊపి చూడకుండా అడుగు వెయ్యని మనిషి ఆ ఒక్కసారి చూడలేదో, చూసినా తెలియలేదో. గూడేనికి రోడ్డు లేదు. డోలీ కట్టి కిందికి మోసుకొచ్చి, జీపులో వేసి పట్నం ఆసుపత్రికి తీసుకుపోయేసరికి సాయంత్రమైంది. ప్రాణం దక్కింది. నడుము కింద నుంచి కాళ్ళు పోయాయి.

వాడు చదువు మానేశాడు. నెల తర్వాత పెట్టె తీసుకుపోవడానికి గదికి వచ్చాడు. బస్సుకు ఇంకా మూడు గంటలుంది. ఏం మాట్లాడాలో నాకు తెలియలేదు. వాడే "ఆటకాడికి పోదామా" అన్నాడు. ఆ రోజు శనివారం, బావ కూడా ఉన్నాడు.

వాడు కూర్చుని రాకుమారుణ్ణి ఒక ఎత్తైన గోడ అంచుమీదికి తీసుకెళ్ళాడు. అక్కడినుంచి దూకించాడు. జారడం కాదు, కావాలనే. నేలకు తగిలే లోపు మీట నొక్కాడు. రాకుమారుడు గాలిలో వెనక్కి తేలి, అంచుమీద నిలబడ్డాడు. మళ్ళీ దూకించాడు. మళ్ళీ లేపాడు. ఇసుక అయిపోయేదాకా అదే పని. అయిపోయాక భూతాలను కొట్టి ఇసుక నింపుకుని, మళ్ళీ ఆ గోడ దగ్గరికే వచ్చాడు. మేమిద్దరం వెనకాల నిలబడ్డాం. గంటన్నర గడిచింది. బావ ఒక్క మాట అనలేదు.

లేచేటప్పుడు వాడు బావ వైపు తిరిగి అడిగాడు: "అన్నా, ఇది దొంగాట అనీవోడివి గదా. నానూ అన్నాను. పడిపోయినోడు మళ్ళీ లెగిస్తే అది దొంగాట ఎలాగవుద్ది?"

బావ జవాబు చెప్పలేదు. జేబులోంచి డబ్బులు తీసి నెట్ సెంటరాయనకు ఇచ్చాడు. ముగ్గురం బస్టాండుకు నడిచాం.

తరువాత ఆ ఆటలు చాలా వచ్చాయి. 2004 చివరలోనే వచ్చిన 'వారియర్ విదిన్' రాకుమారుణ్ణి ముఖం చిట్లించుకున్న యోధుడిగా మార్చింది. పోరాటాలు మెరుగయ్యాయని కొందరు సంతోషించారు, ఆ మొరటుదనం తనకు నచ్చలేదని మెక్నరే చెప్పుకున్నాడు. 2005లో 'ది టూ త్రోన్స్'తో ఆ కథ ముగిసింది. నేను చెప్పదలచుకున్నది 2008లో వచ్చిన ఆట గురించి. దాని పేరు వట్టి 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా'. అందులో ఇసుక లేదు, చావూ లేదు. పడబోతే ఎలికా అనే ఆమె చెయ్యి అందించి పైకి లాగుతుంది, ఎన్నిసార్లైనా. ప్రపంచమంతటా ఆటగాళ్ళు దీనిమీద రెండుగా చీలిపోయారు. చావు లేని ఆట ఆటేనా, ఇది పిల్లలాట అని ఎక్కువమంది విసుక్కున్నారు. పాత ఆటల్లో చచ్చి మళ్ళీ అక్కడే మొదలుపెట్టడానికీ దీనికీ తేడా ఏమిటని కొందరు అడిగారు. బావ మొదటి వర్గంలో ఉంటాడనుకున్నాను. ఫోను చేస్తే, "చెయ్యి అందించేవాళ్ళుంటే మంచిదే గదరా" అన్నాడు. అంతే.

దాని ముగింపు ఇంకా పెద్ద తగవు. ఎలికా ఒకసారి చనిపోయిన పిల్ల. చీకటి దేవుడైన అహ్రిమాన్‌కు లొంగిన ఆమె తండ్రి ఆమెను బతికించుకున్నాడు. కథ చివర ఆ దేవుణ్ణి మళ్ళీ బంధించడానికి ఆమె తన ప్రాణం ధారపోస్తుంది. అప్పుడు రాకుమారుడు, అంటే మనం, బయటికెళ్ళి అక్కడున్న చెట్లను ఒక్కొక్కటే నరికి, గుడిలోని ప్రాణవృక్షాన్ని కూడా నరికి, ఆమెను లేపుతాడు. దేవుడు విడుదలవుతాడు. అంతవరకూ చేసిన పనంతా బూడిద. ఆట పూర్తిచేసినవాళ్ళలో ఇది చూసి మండిపడినవాళ్ళు ఎందరో. అంత శ్రమపడి మన చేత్తోనే మనం చెరిపేసుకోవాలా అని. మరికొందరు, ఇంత మనిషిలా ప్రవర్తించిన నాయకుణ్ణి ఏ ఆటలోనూ చూడలేదన్నారు. నేను ఏ వైపో తేల్చుకోలేక, 2009 వేసవిలో ఊరికి వచ్చినప్పుడు సంతలో కనిపించిన నా మిత్రుడికి టీ తాగుతూ ఆ కథంతా చెప్పాను.

వాడు చాలాసేపు గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు. తర్వాత అన్నాడు: "అయ్య పడ్డాక మా చిన్నాన్నలు గొడ్డలట్టుకుని ఆ జీలుగు దగ్గరికి పోయారు, కొట్టేద్దామని. అయ్య మంచంలోనుంచి కేకేశాడు. అది పాలమీదుంది, ముట్టుకోవద్దు, దాందేటి తప్పు, అన్నాడు."

"మరి నువ్వో?" అని అడిగాను.

"నా సేతిలో కూడా గొడ్డలుంది" అన్నాడు.

ఆ ముగింపు గురించి నేను విన్న వ్యాఖ్యల్లో ఇంతకంటె నిజమైనది లేదు. చెట్టు నరికితే తండ్రి లేస్తాడంటే వాడు నరికేవాడే. అది తప్పని వాళ్ళ నాన్నకు తెలుసు, వాడికీ తెలుసు. ఆట తప్పా ఒప్పా అని అడగలేదు. గొడ్డలి మన చేతికిచ్చింది, అంతే. మండిపడ్డవాళ్ళు బహుశా అందుకే మండిపడ్డారు.

ఈ మధ్య మన దేశానికీ ఈ ఆటలకూ బంధం పెరిగింది. 2020 సెప్టెంబరులో 'సాండ్స్ ఆఫ్ టైమ్'ను ఉబిసాఫ్ట్ వారి పుణె, ముంబయి కార్యాలయాలు కొత్తగా తీర్చిదిద్దుతున్నాయని ప్రకటించారు. మహారాజు కోటతో మొదలయ్యే ఆట మనవాళ్ళ చేతికే వచ్చిందని సంబరపడ్డాను. ప్రకటన చిత్రం చూసి లోకమంతా ముఖాలు బాగాలేవని, పాతకాలపు బొమ్మల్లా ఉన్నాయని వెక్కిరించింది. నేనూ ఒకరిద్దరితో కలిసి వెక్కిరించాను, దాచడమెందుకు. 2022లో ఆ పనిని తిరిగి మాంట్రియల్‌కు అప్పగించారు. తప్పు దిద్దుకునే అవకాశమివ్వడమే పేరున్న ఆట అది. దాన్ని మొదట చేపట్టినవారికి ఆ అవకాశం మిగల్లేదు. అప్పటినుంచి నా వెక్కిరింత నాకే గుచ్చుకుంటోంది.

అదే 2020లో పుణెలోని నోడింగ్ హెడ్స్ అనే చిన్న సంస్థ 'రాజీ' అనే ఆట తెచ్చింది. రాక్షసులు ఎత్తుకుపోయిన తమ్ముణ్ణి వెతుక్కుంటూ పోయే అక్క కథ. గోడలమీద పరుగులు, స్తంభాలమీద పల్టీలు, చేతిలో దుర్గమ్మ ఇచ్చిన త్రిశూలం. కథాఘట్టాలను తోలుబొమ్మల నీడల్లా చూపించారు. చూస్తుంటే ఊళ్ళో తెర కట్టిన రాత్రులు గుర్తొచ్చాయి. మరీ చిన్నదనీ, చివర తెగిన దారంలా అర్ధంతరంగా ఆగిపోయిందనీ ఆటగాళ్ళు అన్నారు. నిజమే. అయినా మొదటిసారిగా మన కోటలో దొంగలా కాక ఇంటిపిల్లలా తిరిగాను.

మళ్ళీ మేనల్లుడి దగ్గరికి. వాడు ఆడుతున్న 'లాస్ట్ క్రౌన్' 2023లో ప్రకటించినప్పుడు చాలామంది పెదవి విరిచారు; నాయకుడు రాకుమారుడు కాదు, సర్గోన్ అనే యోధుడు. తీరా వచ్చాక మెచ్చుకున్నారు. అమ్మకాలు మాత్రం ఆశించినంత లేక, అదే సంవత్సరం ఆ బృందాన్ని వేరే పనులకు పంపేశారు. అందులో చనిపోతే ఎక్కడ లేస్తారని అడిగాను. "చెట్టు దగ్గర, మావయ్యా. వాక్‌వాక్ చెట్టు అని బంగారు రంగులో ఉంటుంది. దాని కింద ఆగితే, మళ్ళీ అక్కడినుంచే" అన్నాడు.

ఆ మాట విన్నాక ఊరుకోలేక, మర్నాడు వాణ్ణి బండి ఎక్కించుకుని గూడేనికి బయలుదేరాను. ఇప్పుడు సగందూరం రోడ్డు పడింది; మిగతాది నడిచాం. నా మిత్రుడికి తలంతా నెరిసింది, నాకు అది కూడా మిగల్లేదు. మేనల్లుడు లాప్‌టాప్ తెరిచి ఆట చూపించాడు. వాడు ఐదు నిమిషాలు చూశాడు. "ఈడూ ఊపి సూడట్లేదు" అన్నాడు. మేనల్లుడికి అర్థం కాలేదు. నేను మాత్రం ఇరవయ్యేళ్ళ తర్వాత అదే నవ్వు నవ్వాను.

వాళ్ళ నాన్న పడ్డ చెట్టు ఇప్పుడు లేదు. ఎవరూ నరకలేదు. జీలుగు తీరే అంత: గెలలు పైనుంచి మొదలై కిందికి కిందికి వేసుకుంటూ వచ్చి, చివరి గెల అయ్యాక తనంతట తానే ఎండిపోతుంది. దాని గింజలు రాలి మొలిచిన చెట్టొకటి పక్కనే ఎదిగి ఈ ఏడు పాలమీదికి వచ్చింది. నా మిత్రుడి కొడుకు దాన్ని ఎక్కుతున్నాడు. పెద్దాయన చెట్టు మొదట్లో నులక మంచం వేయించుకుని, మెడ పైకెత్తి, మనవడి ప్రతి అడుగూ చూస్తున్నాడు.

"అది కాదురా, దాని పైది. ముందు ఊపు. ఊపి సూడు" అంటున్నాడు.

మేనల్లుడు లాప్‌టాప్ మూసేసి, తలెత్తి చూస్తూ నిలబడ్డాడు. కుర్రాడు నిండు బుర్రతో నేలమీద కాలు పెట్టేదాకా మాలో ఎవరమూ మాట్లాడలేదు.